వేయించిన బార్లీ వాసన

ఇయో మిషిమా, కంపెనీ ఆడపిల్లల హాస్టల్
ఏప్రిల్ నెలాఖరు

పెద్దమ్మా,

మొదట్లో చెర్రీ పూల గురించి రెండు ముక్కలు లేకపోతే నువ్వు ఉత్తరం పక్కన పడేస్తావని తెలుసు. పూలు రాలిపోయాయి. ఇక అసలు సంగతికి వస్తాను.

ఈ ఊళ్ళో ఎటు చూసినా కాగితం మిల్లుల పొగగొట్టాలే. ఊరంతా ఉడికిన క్యాబేజీ వాసన. ఆ వాసన తెలియడం మానేసిన రోజు నువ్వు ఈ ఊరిదానివి అయినట్టు, అంటుంది హాస్టల్ వంటావిడ. నాకు ఇంకా తెలుస్తూనే ఉంది. అమ్మ పెళ్ళిసంబంధాలావిడకి ఇచ్చిన వివరాల్లో "అమ్మాయి కాగితపు పరిశ్రమలో పరిశోధకురాలు" అని రాసిందట. చదివినవాళ్ళు నేను కవిత్వం రాసుకునే సన్నకాగితం తయారుచేస్తున్నానని అనుకుంటారు. నేను చేసేది డైపర్లు. అవీ పసిపిల్లలవి కాదు, పెద్దవాళ్ళవి.

ఆ మాట మా హరుమియా కంపెనీలో అనకూడదు. చేరిన రోజున మీటింగులో "ఈ డైపర్‌లో..." అని మొదలుపెట్టాను. నేను బల్లమీద కాళ్ళు పెట్టినట్టు అందరూ కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత సకాకి గారు (వాసనల విభాగం ఆవిడ, నాకన్నా పదిహేనేళ్ళు సీనియరు) నన్ను పక్కకి పిలిచి, "కనాయే గారూ, ఆ మాట పసిపిల్లల అంతస్తులో వాడతారు. ఇక్కడ దాన్ని 'నిశ్చింత లోదుస్తు' అంటాం" అంది. నాలుగేళ్ళు కాలేజీలో పీచుల రసాయనం చదివి నిశ్చింతలోకి వచ్చి పడ్డాను.

ఇక్కడ నెలకోసారి "ధారణ దినం" ఉంటుంది. మా విభాగాధిపతి హిరమత్సు గారి మాట ఏమిటంటే, వేసుకోని మనిషికి డిజైన్ చేసే హక్కు లేదట. మంచి మాటే. అందరం పొద్దున్నే వేసుకుని పనిచేసుకోవాలి, దాన్ని వాడాలి, తూచాలి, సంచిలో మూసి అప్పగించాలి, అనుభవం రాయాలి.

పెద్దమ్మా, నావల్ల కాలేదు. తలుపు వేసుకుని చాలాసేపు కూర్చున్నాను. రెండేళ్ళప్పుడు నువ్వూ అమ్మా కలిసి నాకు నేర్పిన విద్య జీతం కోసం మరిచిపోనంటోంది ఒళ్ళు. చివరికి వంటగది కెటిల్‌లో ఉన్న బార్లీ టీ గోరువెచ్చగా కప్పులో తెచ్చుకుని ఆ డైపర్‌లో పోశాను. "హాయిగా ఉంది, తడి తెలియలేదు" అని రాసి, సంతకానికి బదులు నా పేరు ముద్ర వేశాను. ఇక్కడ కిందివాళ్ళ ముద్ర పైవాళ్ళ ముద్రకేసి కొంచెం వంగి ఉండాలి, నమస్కారం పెడుతున్నట్టు. నాది మరీ వంగింది, తప్పు చేసినదాన్ని కదా. హిరమత్సు గారు నా నివేదిక బాగుందన్నారు. ఇంత నిజాయితీగల విభాగంలో నేనొక్కదాన్నే దొంగని. ఎవరికీ చెప్పకు.

నీ
కనాయే


ఉత్సునోమియా, బస్సు డిపో వెనక వీధి
మే మధ్యలో

కనాయేకి పెద్దమ్మ ఫుసాయే రాసేది,

పొలాల్లో నీళ్ళు పెట్టారు. రాత్రంతా కప్పలు పాఠాలు వల్లెవేస్తున్నాయి. కొండమీద ఇంకా చలిగాలి. వాతావరణం అంటే ఇలా రాయాలి. "పూలు రాలిపోయాయి" అని బిల్లు చెల్లించినట్టు రాయడం కాదు.

నీ టీ సంగతి చదివి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. నీకు ఆ విద్య నేర్పడానికి మీ అమ్మ ఏడ్చింది, నేను పాటలు పాడాను. అది మరిచిపోలేదంటే మా పెంపకం గట్టిదన్నమాట. అయినా జీతమిచ్చే చోట అబద్ధం రాస్తావటే?

సరే. ఒక మాట అడగాలి. మా డిపోలో నోబుకో గారని, నాలాగే బస్సులో ఊళ్ళు చూపిస్తూ పాటలు పాడే గైడు ఒకావిడ ఉంది. నీకు తెలియదులే, ఈమధ్యే చేరింది. వయసు నా అంతే. మనిషి మంచిది, పాట ఇంకా మంచిది. ఆవిడకొక ఇబ్బంది. దగ్గినా, నవ్వినా, పాటలో పైస్థాయి అందుకున్నా కొంచెం అదుపు తప్పుతోందట. ఎక్కువేం కాదు, కొంచెం. నిక్కో కొండమీద మలుపులు నీకు తెలుసు కదా, బస్సు మధ్యలో ఆగదు. అందుకని ఆవిడ ముందురోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేస్తోంది. నీళ్ళు లేకపోతే గొంతు ఉంటుందా? చరణం చివరికొచ్చేసరికి తలుపు బందు కిర్రుమన్నట్టు పాడుతోంది పాపం.

డ్యూటీలు వేసే కొయాతా ఉన్నాడు చూడు, వాడు ఇదంతా కనిపెడుతున్నాడు. కొత్త బస్సుల్లో రికార్డు చేసిన గొంతు పెడుతున్నారు. "నోబుకో గారూ, మీరు చాలా కష్టపడ్డారు, ఇక టికెట్ల కౌంటర్లో హాయిగా కూర్చోండి" అన్నాడట, నవ్వుతూ. ఆకులు ఎర్రబడే కాలం వస్తే ఆ కొండమీద గైడుకి అదే పండుగ. ఆవిడకి అది చేజారేలా ఉంది.

మీ కంపెనీవి ఏమైనా పంపగలవా? ఆవిడ నోరు తెరిచి అడిగే మనిషి కాదు, నేనే ఆవిడ తరఫున రాస్తున్నాను. ఫోన్లో మాత్రం ఈ మాట ఎత్తకు. ఈ ఇంటి గోడలు పలచన. ఇలాంటివి నోటితో అనలేను, చేత్తో రాయగలను.

పెద్దమ్మ


ఇయో మిషిమా
జూన్ మొదట్లో

పెద్దమ్మా,

వాన మొదలైంది. పొగగొట్టాల మీద వాన పడుతుంటే ఊరంతా ఎవరో మూత తీసిన కుండలా ఆవిర్లు చిమ్ముతోంది. (ఎలా ఉంది? నేర్చుకుంటున్నాను.)

నోబుకో గారికి నా నమస్కారాలు. ఆవిడ నడుము కొలత రాయడం మరిచిపోయావు. నీ కొలతకి సరిపోయేవే పంపుతున్నాను, ఇద్దరిదీ ఒకే వయసు కదా. ఇది మా కొత్త రకం, పేరు "చిరుగాలి". చేతిరుమాలంత పలచన. యూనిఫాం లంగా కింద ఉన్నట్టే తెలియదు. మధ్యలో నీళ్ళు తాగి జిగురుగా మారే పొడి, దానికి తోడు కాగితపు గుజ్జు, తొడల దగ్గర సాగే అంచు. ధారణ దినాల్లో అందరూ "హాయిగా ఉంది" అని రాశారు. ఒక్క బొట్టు బయటికి రాలేదు. శరదృతువులో మార్కెట్లోకి వస్తుంది.

ఇంకో సంగతి. సకాకి గారు వాడిన సంచుల్లో ఒకటి తెరిచి వాసన పరీక్ష చేసింది. నివేదిక మీటింగులో చదివింది. "దుర్వాసన లేదు. పైగా వేయించిన బార్లీని పోలిన సున్నితమైన పరిమళం." నా సంచే తీసి ఉంటుంది! ఎవరైనా నవ్వుతారని చూశాను. ఎవరూ నవ్వలేదు. అందరూ గంభీరంగా తలలూపి ఆ మాట రాసుకున్నారు. అమ్మకాల విభాగం ఆయన దాన్ని ప్రకటనలో వేస్తానన్నాడు. ఇన్నేళ్ళ పరిశ్రమలో ఇంత గొప్ప వాసన నివేదిక రాలేదట.

నోబుకో గారు ఏమన్నారో తప్పకుండా రాయి. మొహమాటం వద్దని చెప్పు.

కనాయే


ఉత్సునోమియా
జూన్ చివర

కనాయేకి,

వాన. అంతే. ఇవాళ వాతావరణం రాసే ఓపిక లేదు.

నోబుకో గారు మీ చిరుగాలి వేసుకుని కొండెక్కింది. ఐదో తరగతి పిల్లలు. సగం మలుపులు బాగానే గడిచాయి. సరస్సు ఇంకా రాలేదనగా, "ఈ మలుపులు లెక్కపెడుతూ ఉంటే వాంతి రాదు పిల్లలూ" అని ఆవిడ అంటే, వెనక సీట్లోంచి ఒక పిల్ల "మా నాన్న అప్పులు లెక్కపెడితే వాంతి వస్తుందంటాడు గైడు గారూ" అంది. బస్సంతా ఘొల్లున నవ్వింది. నోబుకో గారూ నవ్వింది. అదే సమయానికి బస్సు మలుపు తిరిగింది.

మీ చేతిరుమాలు ముందువైపు పొడిగానే ఉందట. నీళ్ళన్నీ ఎడమ తొడ మీదుగా, మేజోడు వెంట, బూటులోకి. నీలం లంగా మీద తడి ఎలా కనిపిస్తుందో తెలుసుగా.

అప్పుడు నోబుకో గారేం చేసిందో తెలుసా? డ్రైవర్ నెమోతో గారి ఫ్లాస్కు పక్కనే ఉంది. మూత తీసి, బస్సు ఊగినట్టు తనూ ఊగి, ఉన్న బార్లీ టీ అంతా ఒళ్ళో ఒంపుకుంది. "అయ్యో, ఎంత చేతకానిదాన్ని!" అని తనే అరిచింది. పిల్లలు చేతిరుమాళ్ళు ఇచ్చారు. నెమోతో గారికి ఆ రోజంతా టీ లేదు.

అక్కడ నువ్వు అయిందని చెప్పుకోవడానికి టీ పోస్తున్నావు. ఇక్కడ ఆవిడ కాలేదని చెప్పుకోవడానికి టీ పోసుకుంటోంది. ఈ దేశంలో టీ తాగేవాళ్ళెవరైనా మిగిలారా?

పాట మధ్యలో ఆగిపోయింది. వాళ్ళ టీచరు అభిప్రాయాల కాగితంలో "గైడు గారి గొంతు అలిసినట్టుంది, విశ్రాంతి తీసుకోవాలని మా కోరిక" అని ఎంతో మర్యాదగా రాసింది. కొయాతా దాన్ని గోడకి అంటించాడు. ఇలాంటిది ఇంకొకటి జరిగితే ఆకుల కాలం నుంచి రికార్డు గొంతేనట.

ఆవిడ నీ మీద కోపంగా లేదు. నేనే ఉన్నాను.

పెద్దమ్మ


ఇయో మిషిమా
జూలై మొదట్లో

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు అన్నం సహించలేదు. ఒక్క బొట్టు బయటికి రాలేదని రాసింది నేనే కదా.

నిన్న ధారణ దినం. ఈసారి ఊరికే కూర్చుని చూశాను. మా వంటగదిలో పెద్ద కెటిల్ నిండా బార్లీ టీ కాచి పెడతారు. పొద్దున్నుంచి ఒక్కరూ తాగడం చూడలేదు. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేసరికి కెటిల్ ఖాళీ. ఒక్కొక్కరే కప్పు చేత్తో పట్టుకుని, కారిడార్ చివరికి ఎంతో తీరిగ్గా నడిచి వెళ్ళి, ఖాళీ కప్పుతో వస్తున్నారు. సకాకి గారైతే కప్పుమీద మూత కూడా పెట్టుకుంది. చివరికి హిరమత్సు గారు. సరిగ్గా మగవాళ్ళ మరుగుదొడ్డి తలుపు దగ్గర ఆయనా నేనూ ఎదురుపడ్డాం. ఆయన చేతిలో కప్పు, నా చూపు కప్పుమీద.

"ఇవాళ ఎండ బాగా ఉంది" అన్నారు.

"అవునండీ, దాహం వేస్తోంది" అన్నాను.

ఇద్దరం వంగి నమస్కారాలు పెట్టుకుని ఎవరి దారిన వాళ్ళం వెళ్ళాం.

నేనొక్కదాన్నే దొంగనని ఎంత గర్వపడ్డానో చూడు! విభాగం మొత్తం, ఎన్నేళ్ళుగానో, నిలబడి, ముందువైపు నుంచి, కప్పుతో టీ పోసి డిజైన్ చేస్తోంది. అందుకే పొడి అంతా ముందు మధ్యలో కుప్పగా పెట్టాం. కప్పుతో పోసేవాళ్ళకి ఇంతకన్నా మంచి డైపర్ ప్రపంచంలో లేదు. మనుషుల సంగతి మాత్రం మాకు తెలియదు. మీటింగులో చెబుదామా అంటే, చెప్పడమంటే అందరి ముందూ అందరి బట్టలూ విప్పడమే. తెలిసిన సంగతినే మళ్ళీ చెప్పడం మా దగ్గర అన్నిటికన్నా పెద్ద అమర్యాద.

అందుకని ఒక పని అడుగుతున్నాను, తిట్టకు. నోబుకో గారు నిజంగా వాడినవి రెండో మూడో నాకు కావాలి. గట్టి సంచిలో మూసి, చల్లటి పార్సెల్లో, నా పేరున కంపెనీకి పంపు. హాస్టల్లో ఫ్రిజ్ అందరిదీ, అక్కడికి వద్దు. తడి ఎక్కడ మొదలై ఎటు పోయిందో చూస్తే చాలు. దీని గురించి నిజం చెప్పగలిగిన మనిషి నాకు ఆవిడొక్కరే ఉన్నారు.

కనాయే


ఉత్సునోమియా
జూలై, వడగాలి

కనాయేకి,

నీకు మతి పోయిందా? నీ ఉత్తరం చదివి వీధి తలుపు గడియ వేసి మళ్ళీ చదివాను. నోబుకో గారికి చెప్పడానికి నాకే మొహం చెల్లలేదు. ఆవిడ ఎర్రబడి, తెల్లబడి, చివరికి "ఆ పిల్ల చదువుకి పనికొస్తే..." అంది.

పంపుతున్నాను. పార్సెల్ దుకాణంలో లోపల ఏముందో రాయమంటారు. "ఊరగాయ" అని రాశాను. ఒట్టి అట్టపెట్టెలో ఉంటే బాగుండదని వేసవి కానుకల కాగితం చుట్టి, దారం ముడి బొమ్మ ఉన్న పట్టీ కూడా అంటించాను. ఎంతైనా ఆవిడది. నువ్వే స్వయంగా, ఒక్కదానివే తెరువు.

పెద్దమ్మ


ఇయో మిషిమా
అదే వారం

పెద్దమ్మా,

కూర్చుని చదువు.

కానుకల కాగితం ఎందుకు చుట్టావు! జూలైలో ఆఫీసుకి ముడి పట్టీతో ఏది వచ్చినా, ఎవరి పేరున వచ్చినా, అది విభాగం అందరిదీ. మూడు గంటలకి బల్లమీద పెట్టి, పంపినవాళ్ళ పేరు చదివి, అందరూ కలిసి తింటారు. నేను ఆ పూట గుజ్జు నమూనాల కోసం మిల్లుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అందరూ బల్ల చుట్టూ ఉన్నారు. చిన్న చిన్న పళ్ళేలు. పళ్ళేనికో పుల్ల. హిరమత్సు గారు నీ పట్టీ ఊడదీస్తున్నారు.

"ఉత్సునోమియా ఊరగాయ!" అంటున్నారు. "సొరకాయదే అయి ఉంటుంది. కనాయే గారి పెద్దమ్మ గారికి ఎంత శ్రద్ధ!"

నేను "ఆగండి" అనేలోపు మూత లేచింది.

హిరమత్సు గారు లోపలికి చూశారు. ఇంకా చూశారు. తర్వాత ఎంతో నెమ్మదిగా నిలబడి, "కనాయే గారి పెద్దమ్మ గారు... ఈ ఎండల్లో... ఎంతో శ్రమ తీసుకుని..." అని పెట్టెకి వంగి నమస్కారం పెట్టారు. ఆయన వంగారు కాబట్టి అందరూ వంగారు. సకాకి గారు పళ్ళేల్లోంచి పుల్లలు ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకుంది.

"పెద్దమ్మవి కావండీ, ఆవిడ స్నేహితురాలివి" అన్నాను. నా నోట్లోంచి వచ్చింది అదొక్కటే.

"ఇది..." అని హిరమత్సు గారు గొంతు తగ్గించారు. "ఇది నిజమైనదా?"

"అవునండీ."

ఆయన, జీవితమంతా ఒక పక్షి గురించి పుస్తకాలు రాసి, మొదటిసారి దాన్ని చెట్టుమీద చూసిన మనిషిలా ఉన్నారు. "త్రాసు తీసుకురండి" అన్నారు. "చేతితొడుగులు. దీపం." అందరూ పరిగెత్తారు. బల్లమీద పళ్ళేలు తీసేసి నోబుకో గారివి పరిచారు. పక్కనే మా ధారణ దినానివి పరిచారు. మా వాటిలో ముందు నడుమ గోధుమరంగు మచ్చ, పళ్ళెమంత గుండ్రంగా, అన్నీ అచ్చు ఒక్కలాగే. ఆవిడ వాటిలో ముందువైపు కొత్తదానిలా పొడిగా ఉంది. తడంతా వెనక్కి, ఎడమకి, ఏటవాలుగా పోయి అంచు దాటింది.

సకాకి గారు వంగి వాసన చూసింది. నిటారుగా లేచింది. "బార్లీ కాదు" అంది. ఆ మాట మాత్రమే అంది.

ఎవరూ టీ మాట ఎత్తలేదు. కానీ అందరూ ఒకేసారి కెటిల్ వైపు చూసి, ఒకేసారి చూపు తిప్పుకున్నారు.

"ఈవిడ ఎలా నిలబడతారు?" అని అడిగారు హిరమత్సు గారు. "ఎటు వాలతారు? దయచేసి కనుక్కోండి." పెద్దమ్మా, వెంటనే రాయి.

కనాయే


ఉత్సునోమియా
జూలై చివర

కనాయేకి,

పళ్ళేలు కూడా పెట్టారా! పుల్లలు కూడానా!

రెండు రోజులు నేను డిపోకి వెళ్ళలేదు, నోబుకో గారూ వెళ్ళలేదు. మూడో రోజు ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. మీ హిరమత్సు గారు పెట్టెకి నమస్కారం పెట్టారన్న చోట ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుని నవ్వింది. ఇంట్లోనే కాబట్టి ఫరవాలేదు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. గైడు ముందు అద్దానికి వీపు పెట్టి, జనంవైపు తిరిగి నిలబడుతుంది. నడుము వెనక మెత్తటి కడ్డీ ఉంటుంది, దానికి ఆనుకుంటుంది. ఎడమకాలు మెట్టుకి తన్ని పెడుతుంది, లేకపోతే మలుపులో డ్రైవరు ఒళ్ళో పడుతుంది. కుడిచేత్తో మైకు. జలపాతం చూపించాలంటే ఒళ్ళంతా ఎడమకి మెలితిప్పాలి. పాటలో పైస్థాయికి పొట్ట లోపలికి లాగి ఒక్కసారి వదలాలి. నలభై ఏళ్ళుగా అదే నిలబడడం, మోకాళ్ళు అలాగే అరిగిపోయాయి. అంటే, నోబుకో గారు ఇంతకుముందు వేరే కంపెనీలో నలభై ఏళ్ళు చేసిందిలే.

ఆవిడ ఒక మాటంది. జలపాతం ఎంత ఎత్తో ఆ రికార్డు గొంతు తనకన్నా బాగా చెబుతుందట. కానీ వెనక సీట్లో ఏ పిల్ల మొహం పాలిపోతోందో దానికి కనిపించదట. మొహం చూసి పాట ఎత్తుకుంటే వాంతి ఆగుతుంది. అది కౌంటర్లో కూర్చుని చేసే పని కాదు. ఆవిడకి ఈ ఒక్క ఆకుల కాలం దక్కినా చాలునట.

నేను కూడా అదే కోరుకుంటున్నాను.

పెద్దమ్మ


ఇయో మిషిమా
సెప్టెంబర్ నెలాఖరు

పెద్దమ్మా,

గాలి మారింది. పొగగొట్టాల మీద ఆకాశం ఇన్నాళ్ళకి నీలంగా కనిపిస్తోంది. క్యాబేజీ వాసన తెలియడం మానేసింది, భయంగా ఉంది.

పని అయింది. పొడిని ముందునుంచి తీసి వెనక్కి, రెండు పక్కలకి పరిచాను. తొడల దగ్గర అంచు రెండు వరసలు, లోపలిది చిన్న గట్టులా లేచి నిలబడుతుంది. ఏటవాలుగా వచ్చిన నీళ్ళు దానికి తగిలి మళ్ళీ లోపలికి మళ్ళుతాయి. చేతిరుమాలంత పలచన కాదు, ఒట్టు. తువ్వాలంత. కానీ గుడ్డలా మెత్తగా ఉంటుంది, చప్పుడు చెయ్యదు.

మీటింగులో యుద్ధం జరిగింది. అమ్మకాల ఆయన పలచనిదే కావాలన్నాడు. "చిరుగాలి మీద ఇంతవరకు ఒక్క ఫిర్యాదు లేదు. పరీక్షకి తీసుకున్న పెద్దలందరూ 'మీ కృషికి ధన్యవాదాలు' అనే రాశారు" అన్నాడు.

"ఫిర్యాదు చేయాలంటే ముందు వేసుకున్నామని ఒప్పుకోవాలి కదండీ" అన్నాను.

అందరూ కిటికీలోంచి బయటికి చూశారు. నేను కూర్చోలేదు. "తడిసిన మనిషి మనకి ఉత్తరం రాయదు. నీళ్ళు తాగడం మానేస్తుంది. తర్వాత పని మానేస్తుంది. అప్పుడు కూడా మనకి ధన్యవాదాలే చెబుతుంది" అన్నాను. నా నివేదికమీద ముద్ర నిటారుగా వేశాను. వంచలేదు. దానివల్ల కాగితమంతా వంకరగా కనిపించింది.

హిరమత్సు గారు ఆ ముద్రని చాలాసేపు చూశారు. తన ముద్ర తీసి దాని పక్కనే, అంతే నిటారుగా వేశారు. చిరుగాలి ఆగిపోయింది.

మేం మారిపోయామని మాత్రం అనుకోకు. ధారణ దినంలో ఇప్పటికీ టీయే. కాకపోతే పద్ధతి మారింది. కడ్డీకి ఆనుకుని, ఎడమకాలు మెట్టుకి తన్ని, ఒళ్ళు మెలితిప్పి, పాట పాడుతూ సన్నగొట్టంతో వెనకనుంచి పోసుకోవాలి. మెట్టు కోసం అట్టపెట్టెలు పేర్చాం. హిరమత్సు గారు కంపెనీ గీతం పాడతారు, పైస్థాయి దగ్గర సకాకి గారు ఆయన్ని ఒక్క తోపు తోస్తుంది, అది మలుపు. ఇన్నేళ్ళలో ఆవిడ అంత సంతోషంగా పనిచేయడం ఎవరూ చూడలేదట. ప్రకటనలో బార్లీ పరిమళం అని అచ్చయిపోయింది, మార్చడానికి లేదు. అందుకని బార్లీ వాసన వచ్చేలా చేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ పని ఆవిడే చూస్తోంది.

మిషన్లు ఇంకా తయారు కాలేదు. ఇవి నా చేత్తో కుట్టినవి, ఆకుల కాలానికి సరిపడా ఉన్నాయి. మామూలు పెట్టెలోనే పంపుతున్నాను, కానుకల కాగితం లేకుండా. నోబుకో గారికి ఒక్క మాట చెప్పు. ముందురోజు నుంచి నీళ్ళు మానొద్దు. నేను లెక్కలన్నీ ఆవిడ నీళ్ళు తాగుతుందనే వేశాను. తాగకపోతే నా డిజైన్ తప్పినట్టే.

ఇన్నాళ్ళ స్నేహం కదా, ఆవిడ ఫొటో ఒకటి పంపకూడదూ?

కనాయే


ఉత్సునోమియా
నవంబర్ మొదట్లో

కనాయేకి,

కొండంతా నిప్పంటుకున్నట్టుంది. పొద్దున మంచు, మధ్యాహ్నానికి ఎండ, మలుపు మలుపుకీ ఒక ఎరుపు. ఇంతకన్నా రాస్తే పాట అయిపోతుంది.

నోబుకో గారు నిన్న కొండెక్కింది. కొయాతా కూడా బస్సెక్కాడు, వెనక సీట్లో, ఒళ్ళో రికార్డు గొంతు పెట్టెతో. గొంతు కిర్రుమంటే అక్కడికక్కడే బిగిద్దామని.

ఆవిడ ముందురోజు రాత్రి నీళ్ళు తాగింది. పొద్దున తాగింది. భయంగానే ఉంది కానీ తాగింది. మలుపుల్లో పాట ఎత్తుకుంది. పైస్థాయి దగ్గర పొట్ట లాగి వదిలింది. బస్సు తిరిగింది. ఏమైందో ఆవిడకి తెలుసు, నీ గట్టుకి తెలుసు, ఇంకెవరికీ తెలియదు. లంగా ఇస్త్రీ చెదరలేదు. చివరి చరణం జలపాతం చప్పుడు మీద కూడా వినిపించింది. పెన్షను క్లబ్బు నుంచి వచ్చిన ముసలాళ్ళు మళ్ళీ పాడమన్నారు. ఈలోగా ఒకడి మొహం పాలిపోయింది. ఆవిడ పరుగున వెళ్ళి సంచి అందించింది, పాట ఆపకుండానే. ఎవరా అని చూస్తే కొయాతా! దిగేటప్పుడు ఆ పెట్టెని చంకలో దాచుకుని, "నోబుకో గారూ, వచ్చే వసంతానికి కూడా మీరే" అన్నాడు.

సరస్సు దగ్గర బస్సు ఆగింది. నెమోతో గారు ఫ్లాస్కు మూత తీసి ఒక కప్పు పోసి ఆవిడ ముందు పెట్టారు. నిండా బార్లీ టీ. రెండేళ్ళుగా ఆవిడ కొండమీద చుక్క ముట్టలేదు. నిలబడి, ఆకులు చూస్తూ, కప్పు ఖాళీ చేసింది. ఇంకొకటి అడిగింది.

మీ హిరమత్సు గారికి చెప్పు, ఇన్నాళ్ళకి ఒక్క కప్పు టీ అయినా సరైన దారిన వెళ్ళిందని.

ఫొటో అడిగావు. నోబుకో గారికి సిగ్గెక్కువ, కెమెరా ముందు నిలబడదు. అందుకని ఆవిడ టోపీ నేను పెట్టుకుని, ఆవిడ యూనిఫాం నేనే వేసుకుని, ఆవిడ కప్పు పట్టుకుని నిలబడ్డాను. నెమోతో గారు తీశారు. చూసి ఆవిడే అనుకో.

పెద్దమ్మ